అద్దాల మేస్త్రి

మీరు లక్డీకాపూల్‌లో కొత్తగా ఇల్లు తీసుకున్నారనుకోండి. ఎదురింటాయన పలకరించడానికి వచ్చి, మంచినీళ్లు అందుకునేలోపే మీ టీవీ స్టాండు వెడల్పు అడిగి, "పద్దెనిమిది ఎంఎం ప్లైయేనా?" అంటూ దాన్ని వేలితో తట్టి చెవి పెట్టి విన్నాడంటే ఇక అనుమానం అక్కర్లేదు, ఆయనే. చుట్టుపక్కల ఆయన్ను అద్దాల మేస్త్రి అంటారు. ఆ పేరు పెట్టింది కట్టుకున్న ఇల్లాలే కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఉద్యోగం సైఫాబాద్‌లో ఓ సర్కారీ ఆఫీసులో సెక్షన్ ఆఫీసరు. మిగతా టైమంతా పాములూ ఇగువానాలూ కాపురం ఉండటానికి స్లైడింగ్ అద్దాల పెట్టెలు కడుతుంటాడు. ఇప్పటికి మూడు పెట్టెలు నిలబడ్డాయి. నాలుగోది మంచం కింద ముక్కలుగా ఉంది. పాము ఒక్కటీ లేదు. ఇగువానా అసలే లేదు. గోడ మీద బల్లులున్నాయి గానీ, వాటికి ట్యూబ్‌లైటు పక్కన సొంత ఇల్లు ఉంది.

ఈ తెగ ఈయనొక్కడితో ఆగలేదు. ఎర్రమంజిల్‌లో ఒకాయన భార్య పట్టుచీరల బీరువాకి అద్దాలు బిగిస్తానని మొదలుపెట్టి, గాలి రంధ్రాలు కొట్టేదాకా వెళ్లి పట్టుబడ్డాడు. పంజాగుట్టలో ఒక పెద్దమనిషి తాబేలుకని కట్టిన దాంట్లో ఇప్పుడు మనవడి చెప్పులుంటున్నాయి. అమీర్‌పేట్ హాస్టల్లో జావా నేర్చుకోవడానికొచ్చిన కుర్రాడొకడు అల్మరా కింది అరను ఇలాగే మార్చి వార్డెన్‌తో బయటికి నడిపించుకున్నాడు. వీళ్లంతా ఆదివారం ఎర్రగడ్డ సంతలో ఏదో ఒక పాత షోకేసు దగ్గర ఎదురుపడతారు. నమస్కారాలుండవు. "ఫైవ్ ఎంఎమ్మా, ఫోరా?" అని అడిగి, జవాబు విని, తల పంకించి విడిపోతారు.

అసలు రోగం షోకేసుతోనే మొదలైందని నా నమ్మకం. తొంభైల్లో కాపురం పెట్టిన తెలుగువాళ్ల ముందుగదిలో షోకేసు లేకపోతే పిల్లనిచ్చేవాళ్లు కారు. అందులో కొండపల్లి దశావతారాలు, ఏటికొప్పాక లక్క పిడతలు, దుబాయ్ నుంచి వచ్చిన ఖాళీ సెంటు సీసా, ఎవరికెందుకిచ్చారో గుర్తులేని ఒక షీల్డు. దాని అద్దాలు రెండు. ఒకటి కదలదు. రెండోది కదిలి మధ్యలో ఆగుతుంది. కుడివైపు మూల ఉన్న బొమ్మను తుడవాలంటే ఎడమ చేత్తో అద్దం ఎత్తి పట్టుకుని, కుడిచెయ్యి భుజందాకా దూర్చాలి. మేస్త్రిగారింట్లో ఆ పని ఇరవయ్యేళ్లు ఇల్లాలు చేసింది. ఒక సెలవురోజు ఆయన అద్దాలు ఊడదీసి, గాడిలోని మట్టి పుల్లతో గీకి, కొవ్వొత్తి రుద్ది మళ్లీ ఎక్కించాడు. చిటికెనవేలితో తోస్తే అద్దం ఈ చివర నుంచి ఆ చివరిదాకా జారింది. మళ్లీ తోశాడు. ఆ రాత్రి భోజనానికి మూడుసార్లు పిలిపించుకున్నాడట.

ఆ తర్వాతి ఆలోచన ఆయన స్వయంగా నాకు చెప్పినదే. "స్లైడింగ్ అద్దం బిగించాలి, అది ఖాయం గురువుగారూ. మరి లోపల ఏం పెట్టాలి? చేపలంటే నీళ్లు కారిపోతాయి. పిట్టలకు ఆ గాలి చాలదు. కుక్క ఒప్పుకోదు. ఇక మిగిలింది పామే కదా." ఇందులో తప్పు పట్టడానికి నాకు ఏ సందూ దొరకలేదు.

చదువుకున్నవాడు కాబట్టి శాస్త్రం కూడా పోగుచేశాడు. పైమూత తీసే పెట్టెకన్నా ముందుతలుపు పెట్టె ఎందుకు మేలో చెప్పమంటే చాలు, లిఫ్టు ఆపి మరీ చెబుతాడు. అడవిలో పాముకీ బల్లికీ చావు పైనుంచి వస్తుంది, గద్ద రూపంలో. పైనుంచి దిగే చెయ్యి ఏ చెయ్యైనా వాటికి గద్దే. ఎదురుగా వచ్చే చేతికి అంత బెదరవు. పైగా వేడిగాలి పైకి పోతుంది కాబట్టి మూత తీసినప్పుడల్లా లోపలి వేడంతా గదిలోకి పోతుంది, ముందు అద్దం జరిపితే అంత పోదు. లండన్ జూవాళ్లు 1849లోనే సరీసృపాలకు ప్రత్యేకంగా ఇల్లు కట్టారనీ, ప్రపంచంలో అదే మొదటిదనీ ఐదో అంతస్తు వచ్చేదాకా చెబుతాడు. మనం దిగాల్సింది రెండో అంతస్తులో అయినా సరే.

బొమ్మ గీయడం రాదని అమీర్‌పేట్ వెళ్లి ఆటోక్యాడ్ కోర్సులో చేరాడు. యాభై రెండేళ్ల మనిషి, బుగ్గ మీసాలు, భుజాన ఆఫీసు బ్యాగు. మొదటిరోజు క్లాసులో అడుగుపెట్టగానే పిల్లలంతా లేచి నిలబడి "గుడ్ ఈవెనింగ్ సార్" అన్నారు. ఈయన కూడా అలవాటు కొద్దీ "సిట్ డౌన్" అన్నాడు. అసలు సారు వచ్చేసరికి ఈయన బోర్డు మీద పాము పెట్టె గీస్తున్నాడు. కోర్సు పూర్తయ్యాక పక్కన కూర్చున్న కుర్రాళ్లకు ఉద్యోగాలొచ్చాయి. ఈయనకు నాలుగడుగుల పొడవు, రెండడుగుల లోతు, రెండడుగుల ఎత్తు వచ్చింది.

సామాన్ల సేకరణ ఒక తీర్థయాత్ర. బల్బులకు ట్రూప్ బజార్, మేకులకూ మరలకూ బేగంబజార్, పాత చెక్కకు జుమ్మేరాత్ బజార్. ప్లై దుకాణంలో మాత్రం ఎవరి మాటా వినడు. ఎండీఎఫ్ చూపిస్తే మొహం తిప్పేస్తాడు. తేమ తగిలితే ఉబ్బి పొరలు పొరలుగా లేస్తుందని. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైయే కావాలి. "ఓడ కడుతున్నరా సార్?" అని దుకాణపాయన అడిగితే, ఈయన సీరియస్‌గా "ఓడలో పాములుండవు" అన్నాడు. సంభాషణ అక్కడితో ముగిసింది.

అద్దాల దుకాణం ఘట్టానికి నేను ప్రత్యక్ష సాక్షిని. ఆటోలో రెండో అద్దం పట్టుకోవడానికి మనిషి కావాలని లాక్కెళ్లాడు. ఉస్తాద్ తలెత్తకుండా కొలతలు అడిగాడు. మేస్త్రి ప్రింటవుట్ తీశాడు. అంతా మిల్లీమీటర్లలో ఉంది. ఉస్తాద్ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, దాని వెనక పెన్సిల్‌తో అంగుళాలూ సూత్‌లూ వేసుకున్నాడు. అంగుళానికి ఎనిమిది సూత్‌లు. మన నగరంలో ఏ చెక్కైనా, ఏ అద్దమైనా సూత్‌లోకి మారాకే నిజమవుతుంది.

"క్యా రఖ్తే సాబ్ ఇస్మే? మిఠాయి?"

"సాంప్."

ఉస్తాద్ పెన్సిల్ చెవిమీద పెట్టుకుని మొదటిసారి తలెత్తి చూశాడు. కాసేపు ఆలోచించి, "తో ఫిర్ దో కాంచ్ కే బీచ్ మే గ్యాప్ నై రైనా సాబ్," అన్నాడు. ఆ ఒక్క మాటతో మేస్త్రి ఆయనకు శిష్యుడైపోయాడు. ఎందుకంటే ఈ యవ్వారంలో అసలు మెలిక అదే. రెండు అద్దాలు రెండు గాళ్లలో నడుస్తాయి కాబట్టి ఒకదాని మీదికి ఒకటి రెండంగుళాలు ఎక్కినా, వాటి మధ్య ఛానెల్ నడిమి గోడ మందమంత సందు ఎప్పుడూ ఉంటుంది. పెద్ద పాముకు అది లెక్కలోకి రాదు. పిల్లపాముకు రాజమార్గం. తిండికని తెచ్చే కీచురాళ్లకైతే సింహద్వారం. అందుకని లోపలి అద్దం అంచుకు పలచటి పారదర్శక పట్టీ అంటించాలి. ఇంకా, పాము ముక్కుతో అద్దాన్ని పక్కకు తొయ్యగలదు. కాబట్టి మందుల షాపు అద్దాలకు వేసే పళ్లపట్టీ తాళం తప్పనిసరి. అంచులు కోసుకోకుండా పాలిష్ పెట్టించాలి. ఉస్తాద్ వజ్రపు ములికితో ఒక్క గీత గీసి, కింద కర్రపట్టీ పెట్టి టక్కున నొక్కితే అద్దం చెప్పిన చోట విడిపోయింది. మేస్త్రి ఆ టక్కు కోసం మరో రెండు చిన్న ముక్కలు అనవసరంగా కోయించుకున్నాడు.

ఆటోలో మా ఇద్దరి మోకాళ్ల మధ్య రెండు అద్దాలు. పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కుతుంటే గుంత వచ్చింది. మేస్త్రి నా మొహం వంక చూడలేదు, అద్దం వంక చూశాడు.

ఇక ఛానెల్ బిగింపు. ఇది తెలియక చాలామంది బోర్లా పడతారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. పై ఛానెల్ గాడి లోతుగా ఉంటుంది, కింది ఛానెల్ గాడి దానిలో సగం. అద్దాన్ని ముందు పై గాడిలోకి పూర్తిగా ఎత్తి, కింది అంచును లోపలికి తెచ్చి, మెల్లగా కింది గాడిలోకి దించాలి. దిగాక కూడా పై అంచు ఇంకా పై గాడిలోనే ఉంటుంది. లోతుది కింద, లోతు తక్కువది పైన బిగిస్తే అద్దం కింద కూలబడి పైన ఊడి మీ కాళ్ల మీదికి వస్తుంది. మేస్త్రి మొదటి పెట్టెకు సరిగ్గా అదే చేశాడు. అద్దం కాలి మీద పడలేదు, సోఫా మీద పడింది, సోఫాలో మామగారున్నారు. ఆయన పేపరు అడ్డం పెట్టుకుని ఉండటం వల్ల ప్రమాదం తప్పింది. అప్పటినుంచి మామగారు సంపాదకీయాల విలువ గురించి తరచూ మాట్లాడుతుంటారు.

కింది ఛానెల్‌ను నేలమట్టానికి బిగించకూడదన్నది రెండో పాఠం. లోపల పరిచే కొబ్బరిపొట్టు గాడిలో పడి అద్దం బిగుసుకుపోతుంది. మూడు నాలుగంగుళాల చెక్కపట్టీ నిలబెట్టి దాని మీద ఛానెల్ ఎక్కించాలి. అతుకులన్నిటికీ సిలికాన్. అక్వేరియంకు వాడేదే కావాలి, బూజు మందు కలిపిన బాత్రూమ్ సిలికాన్ జంతువులకు పడదు. అది ఆరేదాకా పుల్లటి వెనిగర్ వాసన వస్తుంది. ఆ వారమంతా పక్కింటి పిల్లలు సాయంత్రం కాగానే తలుపు దగ్గర చేరి "ఆంటీ, ఇవాళ కూడా నూడుల్సేనా?" అని అడిగారు. మూడోరోజు ఆవిడ నిజంగానే వండి పెట్టింది.

అన్నీ అయ్యాక పరీక్ష. పాము లేదు కాబట్టి పాము స్థానంలో తనే దూరాడు. తలా భుజాలూ పెట్టెలో, మిగతా శరీరం గదిలో. లోపలినుంచి ముక్కుతో అద్దం తోసి చూస్తున్నాడు, తాళం ఆగుతుందా లేదా అని. ఆ సమయంలో మెయింటెనెన్సు డబ్బులకు వాచ్‌మన్ వచ్చాడు. "అమ్మా, సారు..." అన్నాడు. "లోపలున్నారు" అంది ఆవిడ. అబద్ధమేమీ కాదు. తాళం బాగా ఆగింది. ఎంత బాగా ఆగిందంటే, తాళంచెవి ఎక్కడ పెట్టాడో ఆయన లోపలినుంచి చెప్పిన మాట అద్దం వల్ల బయటికి వినపడలేదు.

ఇంతవరకూ ఆయన నమ్ముకున్న పుస్తకాలన్నీ చలిదేశాలవి. వాటి నిండా వేడి గోలే. బాల్ పైతాన్‌కు పెట్టెలో ఒక చివర ముప్పై ఒకటి, ముప్పై రెండు డిగ్రీలుండాలి, రెండో చివర ఇరవై అయిదు. వేడికి సిరామిక్ దీపం, దానికి పాము చుట్టుకుని కాలకుండా ఇనుప జాలీ, వేడి మీరకుండా థర్మోస్టాట్. ఇగువానా అయితే యూవీబీ గొట్టం లైటు కూడా కావాలి. అది లేకపోతే ఒంటికి కాల్షియం పట్టక ఎముకలు మెత్తబడతాయి. కిటికీ అద్దంలోంచి పడే ఎండ దీనికి పనికిరాదు, మామూలు గాజు యూవీబీని చాలావరకు ఆపేస్తుంది. ఇవన్నీ కొన్నాడు. బిగించాడు. ఏప్రిల్ చివర్లో ఖాళీ పెట్టెను ట్రయల్‌కు పెట్టి, గంటగంటకూ రీడింగులు ఆఫీసు రిజిస్టరులో ఎక్కించాడు. మేలో మన ఊరి సంగతి మీకు తెలుసు. వేడి చివర ముప్పై ఎనిమిది. చల్లని చివర ముప్పై ఎనిమిది. దీపం వెలగనేలేదు. కొత్తగా వచ్చిన ఆఫీసరు ఫైలు రాక కుర్చీలో కునికినట్టు థర్మోస్టాట్ వేసవంతా ఒక్కసారీ టిక్కుమనలేదు.

బావమరిది వచ్చి చూసి, "బావా, దీన్ని నీలోఫర్ ఆసుపత్రి వాళ్లకివ్వు, రెడ్‌హిల్స్ ఇక్కడే కదా, పసిపిల్లలకు పనికొస్తుంది" అన్నాడు. మేస్త్రి వినిపించుకోలేదు. సమస్య తిరగబడింది; ఇక ఆయన చల్లదనం మీద పడ్డాడు. ఐసు సీసాలు పెట్టాడు, కరిగిపోయాయి. కూలర్ పెట్టాడు, తేమకు ఒక అంచు ఉబ్బింది (అది మెరైన్ ప్లై కాదని తేలింది, ముద్ర మాత్రం ఉంది). చివరికి జూన్ రాకముందే ఆ గదికి ఏసీ కొన్నాడు.

పదేళ్లుగా ఇల్లాలు అడుగుతున్న ఏసీ అది. కరెంటు బిల్లు భయంతో వాయిదా పడుతూ వచ్చింది. ఇంకా పుట్టని పాము పేరు చెప్పి పన్నెండు నెలల వాయిదాల్లో ఇంటికొచ్చింది. ఆ రాత్రి నుంచి ఇంటిల్లిపాదీ పెట్టె ముందే పక్కలేసుకున్నారు. అత్తగారు చీకట్లో పెట్టెకు దణ్ణం పెట్టుకోవడం కూడా చూశానని వాళ్లబ్బాయి చెప్పాడు. అంతకుముందు ఆవిడ వాదన వేరు. "గోడమీది బల్లి మీద పడితే పంచాంగంలో ఫలం చూసుకోవచ్చు నాయనా. ఆ ఇగువానానో ఏదో మీద పడితే ఏ పంచాంగం చూడాలి?" అనేవారు. ఏసీ వచ్చాక ఆ ప్రశ్న మళ్లీ ఎత్తలేదు.

మరి ప్రాణి ఎందుకు రాలేదంటారా? అక్కడ చట్టం ఉంది. నాగుపాము, జెర్రిపోతు, ఉడుము, ఊసరవెల్లి, అదృష్టమని కొందరు ఇంట్లో దాచుకునే నక్షత్ర తాబేలు, ఇవేవీ ఇంట్లో పెంచడానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. విదేశీ జాతులను ఇదివరకు ఎవరూ అంతగా పట్టించుకునేవారు కాదు. 2020లో కేంద్రం ఉన్నవాటిని స్వచ్ఛందంగా వెల్లడించమని గడువిచ్చింది. 2022లో చట్టాన్ని సవరించారు, అది 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. 2024లో నిబంధనలొచ్చాయి: అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉన్న బాల్ పైతాన్, ఇగువానా లాంటివి ఇంట్లో ఉంటే పరివేష్ పోర్టల్లో రిజిస్టర్ చేయించాలి. పుట్టినా, చచ్చినా, చేతులు మారినా చెప్పాలి. కాగితం లేకుండా అమ్మజూపే కుర్రాళ్లు నగరంలో లేకపోలేదు. ఒకడు ఫోన్లో ఇగువానా ఫోటో చూపించి "బిల్లెందుకు సార్, బల్లే కదా" అన్నాడట. సెక్షన్ ఆఫీసరుకు బిల్లు లేకుండా గుండుసూది కూడా ఇంట్లోకి రాదు. వాణ్ణి మెట్ల మీదనుంచే పంపేశాడు. ఈ ఒక్క విషయంలో నాకు ఆయనంటే గౌరవం.

అయినా భయం వదలదు. అటవీశాఖ ప్రధాన కార్యాలయం అరణ్య భవన్ ఉన్నది సైఫాబాద్‌లోనే, రిజర్వు బ్యాంకు ఎదురుగా. ఆఫీసుకు ఆయన రోజూ ఆ దారినే పోవాలి. ఆ గేటు దగ్గరికి రాగానే గొంతు తగ్గించి "పాము" అనడం మానేసి "అభ్యర్థి" అంటాడు. "అభ్యర్థి ఒక పూట తిండి మానేస్తే కంగారు పడక్కర్లేదు గురువుగారూ, నెలల తరబడి కూడా మానేస్తాడు." పక్కన నడిచేవాళ్లు ఏదో నిరాహారదీక్ష అనుకుంటారు.

ఒకసారి ఉండబట్టలేక బాగేఆమ్ తాబేలు సంగతి ఎత్తాను. బాగేఆమ్ అంటే మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న పబ్లిక్ గార్డెన్సే. అక్కడ ఉండిన గాలపాగోస్ తాబేలును 1963లో, నెహ్రూ జూ తెరిచిన ఏడాదే, బహదూర్‌పురాకు తరలించారు. 2024 మార్చిలో అది చనిపోయినప్పుడు దాని వయసు నూట ఇరవై అయిదని జూ వాళ్లు చెప్పారు. "చూశారా, నూట ఇరవై అయిదేళ్లు. స్లైడింగ్ అద్దం లేదు, సిలికాన్ లేదు, థర్మోస్టాట్ లేదు" అన్నాను. మేస్త్రి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎంత వెడల్పుండేదంటారు?" అని అడిగాడు.

ఆ ప్రశ్నతో నాకు మనిషి పూర్తిగా అర్థమయ్యాడు. పాము వస్తే ఆయనకు కష్టమే. రోజూ నీళ్లు మార్చాలి, ఎలుకలు తేవాలి, శుభ్రం చేయాలి. అన్నిటికన్నా ఘోరం, కట్టిన పెట్టెను ఇక విప్పడానికి ఉండదు. ఇప్పుడైతే నెలకోసారి ఛానెల్ మార్చుకోవచ్చు, రంధ్రం ఇక్కడ పూడ్చి అక్కడ కొట్టుకోవచ్చు. వేడి చివర పైన, చల్లని చివర కింద గాలిదారులుండాలని మూడు పెట్టెల్లో మూడు రకాలుగా కొట్టాడు. గాలి మూడింట్లోనూ బాగానే ఆడుతోంది. పేరంటానికి వచ్చినవాళ్లు అద్దం జరిపి చూసి "ఎంత మెత్తగా జారుతుందో!" అంటే చాలు, ఆయనకు వారం భోజనం అక్కర్లేదు. ఆ రాత్రే విప్పి మళ్లీ బిగిస్తాడు.

పెట్టెలు మాత్రం వృథా కాలేదు. మొదటిదాంట్లో ఇల్లాలు బంగినపల్లి మామిళ్లను వరిగడ్డిలో మాగబెడుతోంది. కింద గాలి, పైన గాలి, సమానమైన వేడి, ఒక్క కాయ కుళ్లదు. పక్క ఫ్లాట్ల వాళ్లు కూడా తెచ్చి పెడుతున్నారు. రెండోదాంట్లో సంక్రాంతికి బొమ్మల కొలువు. యూవీబీ లైటుకు కొండపల్లి రంగులు వెలిసిపోతాయని ఆయన మొత్తుకుంటే, మామూలు బల్బు పెట్టించుకుంది. మూడోది ఖాళీ, అభ్యర్థి కోసం.

ఇక మీకో మాట. వానాకాలం వచ్చింది, లక్డీకాపూల్‌లో నీళ్లు నిలిచాయి, మీ మెట్ల కింద నిజంగానే పాము కనపడిందనుకోండి. కర్ర పట్టుకోకండి. 1995 నుంచి ఈ పనే చేస్తున్న ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ మన నగరంలోనే ఉంది, వాళ్లకు ఫోన్ చేయండి. వచ్చి పట్టుకుపోతారు. మేస్త్రికి మాత్రం చేయకండి. పిలిస్తే తప్పక వస్తాడు, అందరికన్నా ముందే వస్తాడు, కానీ టేపు పట్టుకుని వస్తాడు. పాము పని తేలేలోపు మీ షోకేసు కొలతలు తీసేసుకుంటాడు.